మూడు వలలు, ఒక మాట

గత సంవత్సరము మా కళాశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనకు కంప్యూటర్ శాఖవారు ఒక పెద్ద పటము తయారుచేశారు. దానిలో మూడు బొమ్మలు. మొదటి బొమ్మలో నడుమ ఒక చుక్క, దాని చుట్టూ అనేక చుక్కలు; గీతలన్నీ నడిమి చుక్కకే చేరుతాయి. రెండవ బొమ్మలో అటువంటి నడిమి చుక్కలు అయిదారు కలవు. అవి తమలో తాము కలిసి, తమ తమ చిన్న చుక్కలను వెంటబెట్టుకొని ఉన్నాయి. మూడవ బొమ్మలో నడుమ అనదగినది ఏదియు లేదు. ప్రతి చుక్క తన ఇరుగుపొరుగు చుక్కలతో ముడిపడి, చేపల వల పరచినట్లు కనిపిస్తుంది. ఆంగ్లములో ఈ మూడింటికి మూడు పేర్లు కలవు. వాటిని తెలుగులోనికి, ఉర్దూలోనికి మార్చి పటము కింద వ్రాయవలసినదిగా మమ్ములను కోరారు. ఉర్దూ శాఖలోని మిత్రుని సహాయముతో ఉర్దూ పేర్లు, నిఘంటువు సహాయముతో తెలుగు పేర్లు వ్రాసి ఇచ్చాము. కేంద్రీకృత వల, వికేంద్రీకృత వల, పంపిణీ వల. పని ముగిసినదని సంతోషించాము కూడ.

ప్రదర్శన రెండవ దినమున, సిరిసిల్ల నుండి వచ్చి మా వద్ద బి.ఎస్సీ. చదువుతున్న ఒక విద్యార్థిని ఆ పటము ముందు చాలసేపు నిలబడి, "పంపిణీ అంటె ఒక్క తాననుంచి అందరికి ఇచ్చుడు గద సార్? రేషన్ బియ్యం పంపిణీ, పింఛన్ల పంపిణీ. మరి ఈ బొమ్మల ఆ ఒక్క తానే లేదు గద!" అని అడిగినది. మా వద్ద జవాబు లేదు. ఉత్తర తెలంగాణమునకు కరెంటు అందించే సంస్థ పేరులోనే 'పంపిణీ' ఉన్నది. అక్కడ దాని అర్థము ఒకచోటి నుండి ఇంటింటికి చేర్చుట. మేము ఆ మాటను తెచ్చి, ఒకచోటు అనునదే లేని బొమ్మకు తగిలించాము. బొమ్మ చెప్పుచున్నదానికి సరిగా వ్యతిరేకమైన పేరు దాని కింద మా దస్తూరితోనే ఉన్నది.

ఇది నవ్వి ఊరుకోదగిన పొరపాటు. నవ్వి ఊరుకోలేనిది మరొకటి కలదు. దానిని చెప్పుకొనుటకు కొంత సంకోచించాము గాని, చెప్పకుండ ఈ వ్యాసము వ్రాయుట న్యాయము కాదు.

మా మామూజాన్ గోదావరిఖని బొగ్గు గనిలో పనిచేసి పదవీ విరమణ పొందినవారు. ఆయనకు ఉర్దూ బాగుగా, తెలుగు కూడబలుక్కొని చదువ వచ్చును. ఒకనాడు తెలుగులో అచ్చయిన కరపత్రము ఒకటి తెచ్చి మా ముందు పెట్టారు. కంప్యూటర్‌లో పుట్టి కంప్యూటర్‌లోనే చెలామణి అగు నాణెమును గూర్చిన ప్రకటన అది. అందులో పెద్ద అక్షరములతో ఉన్న మాట ఒక్కటే: వికేంద్రీకృతము. "ఈ మాటకు మతలబు ఏమిటి బేటా?" అని అడిగారు. మేము తెలుగు పండితులము గదా! ఏ ఒక్కరి చేతిలోను లేనిది, అందరి చేతిలో ఉన్నది అని వివరించాము. "అంటే ఎవడూ ఎత్తుకొని పారిపోలేడన్నమాట" అన్నారు ఆయన. మాట అర్థమును బట్టి అంతేనన్నాము. నాలుగు నెలల తరువాత ఆ నాణెము, దానిని అమ్మినవారు, వారి ఫోన్లు అన్నియు ఒక్కసారే మాయమైనవి. విచారించగా తేలినది ఏమనగా, లెక్కలన్నీ ఒకే ముఠా చేతిలో, ఒకే యంత్రములో ఉన్నాయి. గ్రాచ్యుటీ సొమ్ములో పెద్ద భాగము పోయినది. ఆయన ఈనాటికీ మమ్ములను ఒక్క మాట అనలేదు. "నువ్వు మాటకు అర్థం చెప్పినవ్, అంతే గద" అంటారు. ఆ 'అంతే గద' అనునదే మమ్ములను నిద్రపోనీయక ఈ విషయములోనికి దింపినది.

ఆ మూడు బొమ్మలకు మూలము 1964. అమెరికాలోని రాండ్ సంస్థలో పనిచేయుచుండిన పాల్ బారన్ అను ఇంజనీరు ఆ సంవత్సరము ప్రకటించిన పత్రములలో అవి ప్రసిద్ధములైనవి. ఆయన ముందున్న ప్రశ్న భయంకరమైనది. అణుబాంబులు పడి కొన్ని కేంద్రములు ధ్వంసమైనను, మిగిలినవారు ఒకరితో ఒకరు మాటలాడుకొనగలిగే తంతి వ్యవస్థను ఎట్లు కట్టవలెను? మొదటి బొమ్మలో నడిమి చుక్క పోయినచో అంతయు పోవును. రెండవదానిలో అయిదారు పెద్ద చుక్కలు పోయినచో చాలును. మూడవదానిలో మాత్రము కొన్ని ముడులు తెగినను సందేశము పక్కదారిన పోగలదు. ఒక్కొక్క చుక్కను కనీసముగా కావలసినదానికి మూడు నాలుగు రెట్ల గీతలతో కలిపినచో వల చాలవరకు నిలుచునని ఆయన లెక్క కట్టి చూపినారు. కావున బారన్ దృష్టిలో రెండవ బొమ్మ, మూడవ బొమ్మ ఒకటి కావు. రెండవదానికి ఆయన పెట్టిన పేరును మనము 'వికేంద్రీకృత' అని అనువదించుచున్నాము. అందులో కేంద్రములు కలవు, ఒకటికి బదులు అనేకము కలవు. కేంద్రమే లేనిది మూడవది.

కాని కాలము గడిచిన కొలది ఆంగ్లములోనే ఈ హద్దు చెరిగిపోయినది. బారన్ మూడవ బొమ్మను సూచించుటకు నేడు చాలమంది ఆయన రెండవ బొమ్మకు పెట్టిన మాటనే వాడుచున్నారు. ఇథీరియమ్ అను వ్యవస్థను రూపొందించినవారిలో ఒకరైన విటాలిక్ బుటెరిన్ 2017లో వ్రాసిన వ్యాసములో, తన రంగములో అత్యధికముగా వాడబడుచు అత్యల్పముగా నిర్వచింపబడు మాటలలో ఇది ఒకటని ఒప్పుకొని, మూడు ప్రశ్నలు వేరుచేశారు. యంత్రములు ఎన్ని? వాటిపై అధికారము ఎందరిది? ఆ వ్యవస్థ మొత్తము ఒకే వస్తువువలె నడుచుచున్నదా, లేక ముక్కలు చేసినను ఏ ముక్కకు ఆ ముక్క నడువగలదా? యంత్రములు వేయి ఉండి యజమాని ఒక్కడే కావచ్చును. యజమానులు వేయిమంది ఉండి లెక్కపుస్తకము ఒకటే కావచ్చును. ఈ మూడు ప్రశ్నలలో ఏదానికి జవాబు చెప్పుచున్నామో చెప్పకుండ ఆ మాట వాడినచో, వినువాడు తనకు ఇష్టమైన అర్థము తీసికొనును. మామూజాన్ తీసికొన్నట్లు. మేము ఇచ్చినట్లు.

ఇక మన భాషలలో ఈ మాట సంగతి చూతము. తెలుగున 'వి' అను ఉపసర్గ సామాన్యమైనది కాదు. విముఖుడు అన్నప్పుడు అది తొలగుటను చెప్పును. వివిధము అన్నప్పుడు పలు విధములను చెప్పును. విఖ్యాతుడు అన్నప్పుడు మిక్కిలిని చెప్పును. కావున వికేంద్రీకృతము అనగా కేంద్రము తొలగినదా, కేంద్రములు పలువైనదా? వ్యాకరణము రెండింటికీ తలుపు తెరచియే ఉంచినది. ఉర్దూలో తలుపు ఒక్కటే: లామర్కజియత్. 'లా' అనగా లేదు. మర్కజ్ లేకపోవుట. ఉర్దూ మాట మరింత ధైర్యముగా మరింత తప్పు చెప్పుచున్నది. ఏలయన రెండవ బొమ్మలో మర్కజ్‌లు ఆరేడు ఉన్నాయి గదా! ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు మాటలాడు మావంటివారికి ఒక సౌకర్యము కలదు. ఒక భాష దాచిన తప్పు రెండవ భాషలో బయటపడును. ఆ సౌకర్యము ఉండికూడ మేము సమయమునకు వాడుకొనలేదు.

మన ప్రజలకు ఈ మాట పరిచయమైనది కంప్యూటర్ల ద్వారా కాదు, రాజకీయముల ద్వారా. 1957లో బల్వంత్‌రాయ్ మెహతా సంఘము ప్రజాస్వామ్య వికేంద్రీకరణమును సిఫారసు చేసినది. 1959లో రాజస్థాన్ తరువాత ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను ప్రవేశపెట్టినది. 1985లో తాలూకాల స్థానమున మండలములు వచ్చినవి. 2016 అక్టోబరు 11న మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలే ముక్కలై జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాద్ అను పేర్లు జిల్లాలైనవి. ప్రతిసారి ఉపన్యాసములలో వినబడిన మాట వికేంద్రీకరణమే. వీటిలో దేనియందును హైదరాబాదు మాయము కాలేదు. ఆఫీసు మన ఊరికి దగ్గరైనది. ఉత్తర్వు మాత్రము వచ్చుచోటనుండియే వచ్చుచున్నది. అది తప్పని మేము అనుట లేదు. మారుమూల పల్లెవాసికి కలెక్టరు కచ్చేరి దగ్గరపడుట చిన్న మేలు కాదు. కాని అరువది సంవత్సరములకు పైగా ఈ మాటను పరిపాలనలో ఒక అర్థమున విన్న చెవికి, కంప్యూటర్ రంగమున అదే మాట మరొక అర్థమున వచ్చినచో తేడా ఎట్లు తెలియును?

మాటలు వినినచోటినుండి అర్థము మోసుకొని వచ్చుటకు మా తరగతి గదిలో దొరకిన ఉదాహరణములు అనేకము. ఒక యంత్రము మరొక యంత్రమును సాటిదానిగా ఎంచి నేరుగా ఇచ్చిపుచ్చుకొనుటను ఆంగ్లములో పీర్ అను మాటతో చెప్పెదరు. మన జిల్లాలలో పీరు అనగా పీర్ల పండుగ. నిప్పుల గుండము, సవారి, పీరును ఎత్తుకొని పరుగిడు హిందూ ముస్లిం యువకులు. 'పీర్ టు పీర్' అనగా ఒక పీరు మరొక పీరును కలియుటయా అని అడిగిన విద్యార్థిని మేము కోప్పడలేదు. అలాయి బలాయి చూచిన పిల్లవానికి అది సహజమైన ఊహయే. ప్రోటోకాల్ అనగా శిలాఫలకముపై ఎవరి పేరు ముందుండవలెనను తగాదా. సర్వర్ అనగా ఒకప్పుడు హోటలులో చాయ్ తెచ్చువాడు; నేడు మీసేవా కేంద్రములో పని జరుగకుండుటకు కారణమైనవాడు. ఇక బ్లాక్‌చైన్ సంగతి. నలుపును చెప్పు ఆంగ్ల పదమును, దిమ్మెను చెప్పు ఆంగ్ల పదమును మనము తెలుగు లిపిలో ఒకే తీరున వ్రాయుదుము. ఒక విద్యార్థి దానిని పరీక్ష కాగితములో 'నల్ల గొలుసు' అని అనువదించినాడు. మేము అతనికి సున్న వేయలేదు.

అయితే పరభాషా పదమును తరిమివేయవలెనని మా అభిప్రాయము కాదు. ఈ రంగములోనే అనువాదకులు గుర్తుంచుకొనవలసిన ముచ్చట ఒకటి కలదు. సందేశమును చిన్న తునకలుగ చేసి పంపు పద్ధతిని బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఒకరికొకరు తెలియకుండనే కనుగొన్నారు. బారన్ తన తునకకు పొడుగైన పేరు పెట్టినారు. డేవిస్ మాత్రము భాషావేత్తను సంప్రదించి, ఇతర భాషలలోనికి సులభముగ పోగల మాటగా 'ప్యాకెట్' అను పేరును ఎన్నుకొన్నారని చెప్పుదురు. డేవిస్ పేరే నిలిచినది. నేడు సుల్తానాబాదులో పాలమ్మువాడు సైతము ప్యాకెట్ అనగా ఏమో ఎరుగును. కొంత వస్తువు, చుట్టూ కవరు, పైన చిరునామా. పొట్లము అన్నను తప్పు లేదు గాని, ప్యాకెట్ మన ఇంటిలో చేరి చాలకాలమైనది. దానిని బయటకు పంపి 'సంపుటిక' అని వ్రాయువారితో మాకు పొత్తు లేదు.

మన కాళ్ల కింద ఉన్న వల వైపు ఇప్పుడు చూతము. ఉత్తర తెలంగాణములో గొలుసుకట్టు చెరువులు వందల ఏండ్ల నుండి కలవు. ఎగువ చెరువు నిండి మత్తడి దుంకినచో ఆ నీరు వాగుబట్టి దిగువ చెరువుకు, దాని మత్తడి నీరు ఆపై కుంటకు పోవును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ నాటి లెక్కలో రాష్ట్రమంతట ఇట్టి చిన్ననీటి వనరులు 46,531. ఏ ఒక్క చెరువు వీటికన్నిటికి రాజధాని కాదు. ఇంజనీర్ల ఉపన్యాసములలో దీనిని వికేంద్రీకృత జలవ్యవస్థ అందురు. ఒక అర్థములో నిజమే. ఎండాకాలము ఒక చెరువు ఎండినచో పక్క వాగుమీది చెరువుకు నష్టము లేదు. మరొక అర్థములో కాదు. ఎగువ కట్టకు గండి పడినచో దిగువ కట్టలు వరుసగ తెగును. గొలుసునకు తల తోక కలవు, వలకు లేవు. అధికారము మాట అడిగినచో, చెరువులు వేలున్నను శాఖ ఒక్కటే. 1997 చట్టముతో నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి గాని, తూము మరమ్మతునకు సంతకము ఎవరిదని మానకొండూరు వైపు రైతును అడిగి చూడవచ్చును. బుటెరిన్ వేరుచేసిన ప్రశ్నలు అన్నియు మన చెరువు కట్టమీద నిలబడియే ఉన్నాయి.

మాకు ఆశ్చర్యము కలిగించునది ఆ చెరువులకు సంబంధించిన మాటల పొందిక. కట్ట వేరు, తూము వేరు, మత్తడి వేరు. నీరు కావాలని వదలు దారి తూము. నీరు తనంత తాను పొర్లు దారి మత్తడి. ఈ రెండింటిని ఒకే మాటతో పిలిచిన ఊరు మాకు కనబడలేదు. పిలిచినచో ఆ ఊరు వరదలో ఉండదు. చెరువు నీరు పరచుకొను భూమి శిఖము, చెరువు నీరు పారు భూమి ఆయకట్టు. వానకాలపు పంట ఆబి, యాసంగి పంట తాబి. యాసంగికి ఉన్న నీటితో ఎంత భూమి తడుపవలెనో ముందుగ కూర్చుండి తేల్చుకొనుట తైబందీ. నీటిని మడిమడికి పంచి చూచువాడు నీరటి. ఇందులో తెలుగు మాట ఏది, ఫార్సీ మాట ఏది అని రైతు ఎన్నడును అడుగలేదు. పొరపడినచో పొలము పోవును గనుక ప్రతి వేరు వస్తువునకు వేరు పేరు పెట్టుకొన్నాడు. యంత్రములు తమలో తాము పాటించు కట్టుబాటును 'ప్రోటోకాల్' అనుటకు బదులు తైబందీ అన్నచో మా ఊరి విద్యార్థికి ఆ క్షణముననే తెలియునని మా నమ్మకము. అది కొంత సాహసమని ఎరుగుదుము. పంట నీటి మాటను యంత్రమునకు తగిలించుట అందరికి రుచింపదు.

ఒక్కొక్కప్పుడు మంచి మాట మన మధ్యనే ఉండి, రంగమునకు పోయినవారికి కనబడదు. ఈమెయిలును తీసికొనుడు. ఒక్కొక్క సంస్థకు దాని స్వంత టపా యంత్రము కలదు. ఎవరి నియమములు వారివి. అయినను ఒకరి ఉత్తరము మరొకరికి చేరును. ఇది మొదటి బొమ్మయు కాదు, పూర్తిగ మూడవ బొమ్మయు కాదు. దీనికి తగిన మాటను మన గ్రామములలోని మహిళలు ప్రతినెల వాడుచున్నారు. పొదుపు సంఘములు కలిసి గ్రామ సమాఖ్య, గ్రామ సమాఖ్యలు కలిసి మండల సమాఖ్య. సంఘము లెక్క సంఘమునదే, పొత్తు మాత్రము అందరిది. ఒక తేడా కలదని మాత్రము చెప్పవలెను. మన సమాఖ్యలు మెట్లు మెట్లుగ పైకి లేచును. ఈమెయిలు సమాఖ్యలో అందరును ఒకే మెట్టున ఉందురు. ఆ తేడాను ఒక్క వాక్యములో చెప్పి ఈ మాట వాడినచో, పొదుపు సంఘము నడుపు అక్క తన కుమారుని కంటె ముందుగ ఈ పాఠము గ్రహించును.

కరెంటు గ్రిడ్డు ఇట్టిదే మరొకటి. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతమునందు అపారమైన ప్రాంతము చీకటైనది. దక్షిణ గ్రిడ్డు అప్పటికి వేరు లయలో నడుచుచు, రామగుండమును చంద్రపూర్ జిల్లాలోని భద్రావతితో కలుపు లంకెవంటి కొద్ది మార్గములద్వారానే ఉత్తరాదితో ఇచ్చిపుచ్చుకొనుచుండెను. మన దీపములు ఆరలేదు. 2013 డిసెంబరు 31న అన్నియు ఒకే లయకు వచ్చినవి. పొత్తు కలియుటలో లాభము కలదు, దూరముగ ఉండుటలో రక్షణ కలదు. ఈ రెండింటికి రెండు మాటలు లేనిచో చర్చయే సాగదు. మిషన్ భగీరథకు మొదట 'వాటర్ గ్రిడ్' అని పేరు వాడిరి. నదినుండి శుద్ధి కేంద్రమునకు, అచటనుండి ఊరి ట్యాంకు వరకు కొమ్మలవలె చీలుచు పోవుదానిని వల అనుటకంటె చెట్టు అనుట సబబని మాకు తోచును. పేరు మార్చినందుకు మేము సంతోషించాము, కారణము వేరైనను.

ఇదంతయు పండితుల కాలక్షేపమని మా మిత్రులలో ఒకరి వాదన. ఉద్యోగములు ఆంగ్లములో ఉన్నప్పుడు తెలుగు పేరు ఏదైన నేమి, ఉర్దూ పేరు ఏదైన నేమి అని వారు అందురు. వాదన తేలికైనది కాదు. హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా ఏర్పడి, ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు శాస్త్రములను ఉర్దూలోనికి దింపినది. 1921లో వహీదుద్దీన్ సలీం పదనిర్మాణముపై ఒక గ్రంథమే వ్రాశారు. 1948 తరువాత ఆ బోధన మాధ్యమము మారినది. ఆ మాటలలో అనేకము అల్మారాలలో మిగిలినవి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశములను తెచ్చినది. వాటిని తెరచు విద్యార్థులు నేడు ఎందరో మా గ్రంథాలయపు పుస్తకమే చెప్పగలదు. అయినను మిత్రుని వాదనకు మా సమాధానము మామూజానే. ఆయన ఉద్యోగము కొరకు ఆ మాట అడుగలేదు. పరీక్ష కొరకు అడుగలేదు. కరపత్రము ఆంగ్లములో రాలేదు, తెలుగులో వచ్చినది. మోసగానికి తెలుగు అవసరమైనప్పుడు అధ్యాపకునికి అక్కరలేదనుట ఎట్లు?

2017 డిసెంబరులో ఉద్రిక్తతల వేళ ఆదిలాబాద్ జిల్లాలో ఇంటర్నెట్ సేవలు నిలిపివేయబడినవి. 2021 అక్టోబరు 4న వాట్సాప్, ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతట ఆగిపోయినవి. ఆ రాత్రి మాకు తెలిసినవారిలో పెక్కురు నెట్టు పోయినదనియే అనుకొన్నారు. నెట్టు పోలేదు. ఒక్క సంస్థ తలుపు మూతపడినది. మొదటి సందర్భమున వల ఎక్కడిదక్కడనే ఉండి జిల్లాకు వచ్చు దారులు మూయబడినవి. కేంద్రము లేదని మనము చెప్పుకొను వలకు వాకిళ్లు ఉన్నాయి, వాకిళ్లకు యజమానులు ఉన్నారు. ఏది వల, ఏది వాకిలి, ఏది ఆ వాకిటిలోని అంగడి అని వేరుచేసి చెప్పు మూడు మాటలు మన యువకుని నోట ఉన్నచో, ఏమి పోయినదో, ఎవరిని అడుగవలెనో అతనికి తెలిసియుండును.

కావున మేము మా మటుకు కొన్ని నిశ్చయములు చేసికొన్నాము. వికేంద్రీకృతము అను మాటను ఇకపై ఒంటరిగ వ్రాయము. యంత్రములు పలువైనచో అవి పలువని, అధికారము పలువురిదైనచో పలువురిదని విడమరచి చెప్పెదము. మొదటి బొమ్మకు ఏకకేంద్ర, రెండవదానికి బహుకేంద్ర అని వ్రాసెదము. వీటిలో కవిత్వము లేదు, పొరపాటును లేదు. నిలదొక్కుకొన్న సర్వర్, ప్యాకెట్ వంటి మాటలను కదలించము. కొత్త మాట కావలసినచోట నిఘంటువు కంటె ముందు పని చేయువారిని అడిగెదము. ఇది మా సృష్టి కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకత్వము వహించిన మాండలిక వృత్తి పదకోశములో మొదటి సంపుటము 1962లో వ్యవసాయ పదములతోనే వెలువడినది; 1971లో చేనేత పదముల సంపుటము వచ్చినది. ఊరూర తిరిగి పనివారి నోటినుండి మాట ఏరుట అసాధ్యము కాదని ఆనాడే రుజువైనది.

చేనేత అనగానే సిరిసిల్ల అమ్మాయి జ్ఞాపకము వచ్చును. పటము తప్పని ఒప్పుకొని, మూడవ బొమ్మకు నీవే పేరు పెట్టమ్మా అన్నాము. మరునాడు వచ్చి 'పడుగుపేక' అన్నది. నిలువు పోగులు, అడ్డము పోగులు, నడుమ అనునది లేదు. ఒక పోగు తెగినను బట్ట బట్టయే. మాకు ఎంతో నచ్చినది. సంతోషముగ పటముపై దిద్దబోవుచుండగా ఆమెయే ఆపినది. ఇంటివద్ద తండ్రిని అడిగినదట. ఆయన సాంచాలు నడుపువాడు. "బట్టకు ఏం గాదు బిడ్డా, కని పడుగుల పోగు తెగితె సాంచ ఆపాలె గద" అన్నాడట. వల నేయుచున్నప్పటి సంగతి వేరు, నేసిన తరువాతి సంగతి వేరు అని ఆయన ఒక్క వాక్యములో చెప్పివేశాడు. ఇంటర్నెట్ ఎన్నడును నేసి ముగించిన బట్ట కాదు గదా, నిత్యము మగ్గముమీదనే ఉన్నది.

ఈ సంవత్సరము ప్రదర్శనకు పటము మళ్లీ వ్రాయించాము. మొదటి రెండు బొమ్మల కింద పేర్లు ఉన్నాయి. మూడవదాని కింద చోటు విడిచి, పక్కన దారముతో ఒక పెన్సిలు కట్టి ఉంచాము. సాయంకాలమునకు పడుగుపేక, సాటివల, అల్లిక, జాల్, చేపలవల అని అయిదు దస్తూరీలలో అయిదు పేర్లు చేరినవి. చివర ఎవరో ఉర్దూలో, ఇది మా నానీ మంచము నులక అని వ్రాసి ఉంచారు. మామూజాన్ కూడ వచ్చి చూచిపోయారు. ఆ నులక మంచపు వ్రాతవద్ద ఆగి, చదివి, నవ్వి, మొదటి బొమ్మను చూపి, "మా పైసలు పోయింది ఇందులోకే గద?" అని అడిగారు.